ఏడో దబ్బనం

3, సోమవారం

నా పేరు దబ్బనం మామ్మ. పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది. ఆ పేరుతో పిలిచేవాళ్ళెవరూ మిగల్లేదు కాబట్టి అది ఇక్కడ అనవసరం. వయసు డెబ్బై రెండు. ఇంట్లో ఉండేది నలుగురం: నేను, నా కొడుకు, కోడలు, కోడలి తల్లి. కింద పరుపుల షాపు, పైన కాపురం. నలభై ఆరేళ్ళుగా పరుపులు కుడుతున్నాను. నాకు చదువు రాదు. చెప్పేది నేను, రాసేది మా వియ్యపురాలు. ఆవిడ ముప్ఫై ఏళ్ళు కోర్టులో వాంగ్మూలాలు రాసింది. అందుకే పేరు, వయసు, ఇంటి వివరం చెబితే తప్ప పెన్ను మూత తియ్యనంది.

"వయసు డెబ్బై నాలుగు కదండీ వదినగారూ?"

"మీరు రాయండి. నా వయసు నాకు తెలియదా?"

"ఆసుపత్రి చీటీలో డెబ్బై నాలుగుంది."

"ఆ చీటీ రాసినవాడు నేను పుట్టినప్పుడు పక్కనున్నాడా?"

డెబ్బై రెండే రాసింది. రాసి పక్కన ఏదో గీసింది. అదేమిటంటే చెప్పదు.

ఇక నా కేసు. డాక్టరమ్మ ఒక అట్ట ఇచ్చింది. అందులో గడులు. పడుకున్న వేళ, లేచిన వేళ, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చిందీ రెండు వారాలపాటు రోజూ రాసి తేవాలి. ఆ గడులు గోరంత ఉన్నాయి. నా మాట వాటిలో పట్టదు. అట్ట డాక్టరమ్మకి, ఈ నోట్‌బుక్ నాకు. ఇది ఎవరికీ చూపించకూడదని వదినగారి చేత ఒట్టు వేయించుకున్నాను.

షాపులో దబ్బనాలు ఏడు. ఒక్కొక్కటి జానెడు పొడుగు. సాయంత్రం షట్టరు దించేముందు ఏడింటినీ గోడకున్న మెత్తకు గుచ్చి, వేలు పెట్టి లెక్కపెట్టి, అప్పుడు తాళం వేస్తాం. మా ఆయన పెట్టిన పద్ధతి ఇది. మొన్న గురువారం లెక్క పెడితే ఆరున్నాయి. ఆ వారం షాపులోంచి వెళ్ళినవి పదిహేడు పరుపులు. అందులో పది చిన్నవి, పసిపిల్లల బడికి. దబ్బనం పరుపులో ఉండిపోతే ఊరుకోదు. దూదిలో అటూ ఇటూ తిరిగి, ఒక రోజు కాకపోతే ఒక రోజు పైకి వస్తుంది.

నా కొడుకు మర్నాడు పొద్దున్నే పిల్లల పరుపులు పదీ వెనక్కి తెచ్చి షాపులో పేర్చాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "అమ్మా, నువ్వు కుడుతూ కునుకు తీస్తున్నావు. రెండుసార్లు నేనే చూశాను" అన్నాడు.

"కళ్ళు మూసుకుని కుట్టు బిగువు చూసుకుంటున్నానురా."

"గురక పెడుతూనా?"

చేతికందింది విసిరాను. దూదే కాబట్టి తగల్లేదు. వాడు నన్ను ఆసుపత్రికి లాక్కెళ్ళి, రక్తం తీయించి, నా దబ్బనం బీరువాలో పెట్టి తాళం వేశాడు. డాక్టరమ్మ సరేనంటే తీస్తాడట. అనకపోతే ఇక ఎప్పటికీ కౌంటరు దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళతో నవ్వుతూ మాట్లాడాలట.

నేను! నవ్వుతూ!

కాబట్టి నేను చెప్పేది ఇదీ. ఒకటి, దబ్బనం నేను పోగొట్టలేదు. రెండు, నాకు నిద్ర బ్రహ్మాండంగా పడుతుంది.

4, మంగళవారం

రాత్రి ఎనిమిదికి పడుకున్నాను. అయిదుకు లేచాను. మధ్యలో కదల్లేదు.

వదినగారు పెన్ను పక్కన పెట్టింది. మా ఇద్దరికీ ఒకటే గది, అదే వచ్చిన చిక్కు. "పదకొండుకు మంచినీళ్ళు తాగారు. ఒంటిగంటకు బిస్కెట్ల డబ్బా తెరిచారు. మూడింటికి కిటికీ దగ్గర నిలబడి ఎదురింటి కుక్కను తిట్టారు" అంది.

"నిద్రపోకుండా నాకు కాపలా కాస్తున్నారా?"

"మీరు కుక్కను తిడితే వీధి వీధంతా లేస్తుందండీ. కుక్క మాత్రం పడుకునే ఉంది."

చాలాసేపు వాదించుకున్నాం. చివరికి అట్టలో "వివాదాస్పదం" అని రాసింది. ఆ మాట గడిలో పట్టక పక్క గడిలోకి పోయింది. అంటే రేపటి నిద్ర కూడా ఇప్పుడే వివాదంలో పడింది.

5, బుధవారం

పొద్దున డాక్టరమ్మ రమ్మంది. పరీక్షల ఫలితాలు వచ్చాయి. చిన్నపిల్ల. జుట్టు పైకి ముడేసి అందులో పెన్ను గుచ్చుకుంది, అచ్చం మెత్తకు దబ్బనం గుచ్చినట్టు. అందుకని కొంచెం నచ్చింది.

"అమ్మా, పరగడుపు చక్కెర కాస్త ఎక్కువుంది, నూట ఇరవై. సాయంత్రం తీసిన ఉమ్ము పరీక్షలో కార్టిసాల్ కూడా ఎక్కువుంది."

"అదెవరు?"

"ఒంట్లో ఊరే హార్మోన్. తెల్లవారేసరికి పైకెక్కి మనల్ని లేపుతుంది. సాయంత్రానికి దిగిపోవాలి. పెద్ద వయసులో నిద్ర చాలకపోతే అది సాయంత్రం కూడా సరిగ్గా దిగదు."

"దిగకపోతే?"

"నిద్ర పట్టదు."

"నిద్ర పట్టకపోతే?"

"అది దిగదు."

"మరి తగువు ముందు మొదలుపెట్టింది ఎవరు?"

డాక్టరమ్మ నవ్వింది. "అది కనుక్కోవడానికేనమ్మా ఆ అట్ట."

నాకు అర్థమైంది ఇది: సాయంత్రం షట్టరు దించాల్సిన మనిషి దించకుండా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. షాపు తెరిచే ఉంది, దీపాలన్నీ వెలుగుతున్నాయి, బేరాలు మాత్రం లేవు.

వదినగారు ఊరుకుంటుందా, బిస్కెట్ల సంగతి చెప్పేసింది. డాక్టరమ్మ తిట్టలేదు. "నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే హార్మోన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పేది తగ్గుతుంది. ఇన్సులిన్ మాట కూడా ఒళ్ళు సరిగ్గా వినదు. తప్పంతా మీది కాదు" అంది.

నేను వదినగారి వైపు తిరిగాను. "రాసుకున్నారా? తప్పు నాది కాదు."

"తప్పంతా, అన్నారు" అంది వదినగారు.

ఇంకా చాలా చెప్పింది. ఒంటికి మరమ్మతు చేసే హార్మోన్ గాఢనిద్రలోనే బాగా ఊరుతుందట. వయసుతో అది ఎలాగూ తగ్గుతుంది, నిద్ర కూడా తగ్గితే మరీ అన్యాయమట. జ్ఞాపకాలు సర్దుకునేది కూడా నిద్రలోనేనట. నా జ్ఞాపకాలన్నీ సర్దే ఉన్నాయి, ఎవరూ ముట్టుకోనక్కర్లేదు అన్నాను. వారం నుంచి ఎడం పక్కకు తిరిగితే తొడలో ఏదో పొడుస్తోందని కూడా చెప్పాను. నరాలేమో, మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాం అంది.

చెయ్యాల్సినవి: మధ్యాహ్నం పడక లేదు. నాలుగు దాటితే టీ లేదు. పొద్దున్నే ఎండలో అరగంట కూర్చోవాలి. నిద్ర వచ్చినప్పుడే మంచం ఎక్కాలి, రాకపోతే దిగిపోవాలి. ఎప్పుడు పడుకున్నా లేచే వేళ మాత్రం ఒకటే.

మాత్ర ఇవ్వమన్నాను. ముందు ఇవి చెయ్యమంది. పడి ఏ ఎముకైనా విరగ్గొట్టుకునే వయసులో నిద్రమాత్రల మీద తనకు ప్రేమ లేదంది. నాకూ ఆ పిల్ల మీద ప్రేమ లేదు.

6, గురువారం

టీ లేదు. మధ్యాహ్నం దూది కుప్ప మీద వాలబోతే కోడలు వచ్చి, "అత్తయ్యా, ఈ గలేబులు కాస్త మడత పెడతారా?" అంది. మడత పెట్టాను. ఇంకో బొత్తి తెచ్చింది. అవి నేను పొద్దున మడత పెట్టినవే. దులిపి మళ్ళీ తెచ్చింది. తల్లికి తగ్గ కూతురు.

పొద్దున డాబా మీద ఎండలో కూర్చున్నాను. "ఎండ బాగుంది, మీ పరుపు కూడా పైకి తెచ్చి వేద్దామా?" అంది వదినగారు.

అక్కర్లేదన్నాను.

7, శుక్రవారం

నా కొడుకు పెద్ద అయస్కాంతం అరువు తెచ్చుకుని, పెద్ద పరుపులు వెళ్ళిన ఏడిళ్ళూ తిరిగాడు. వెంట నేనూ వెళ్ళాను. వద్దన్నాడు. వద్దంటే ఆగేదాన్నయితే నలభై ఆరేళ్ళు ఈ పని చేసేదాన్నా?

బస్సు కండక్టరు ఇంట్లో తలుపు తట్టేసరికి అతను పరుపు మీదే ఉన్నాడు. దిగనన్నాడు. "మామ్మా, సూది ఉంటే ఉండనీ. పదేళ్ళ తర్వాత ఇప్పుడే నడుం నొప్పి లేకుండా పడుకుంటున్నా" అన్నాడు. కాళ్ళు పట్టి దించాం. నర్సు ఇంట్లో అయస్కాంతం టక్కున అంటుకుంది. నా కొడుకు మొహం తెల్లబోయింది. విప్పి చూస్తే తల పిన్ను.

"ఇది ఎవరిది?" అన్నాడు.

"ఎవరిదో."

వాడు నా ముడి వైపు చూశాడు. ఒక పిన్ను తక్కువుంది. పిన్నులు ప్రపంచంలో అందరికీ ఉంటాయి.

ఏడిళ్ళలోనూ దబ్బనం లేదు. ఇక మిగిలినవి పిల్లల పరుపులే.

8, శనివారం

రాత్రి పదింటిదాకా కుర్చీలో కూర్చున్నాను. తర్వాత పడుకున్నాను. రెండుసార్లు లేచాను. కుక్కను ఒక్కసారే తిట్టాను.

వదినగారు మళ్ళీ పరుపు ఎండలో వేద్దామంది. నా పరుపుకి ఎండ అక్కర్లేదు. అది మా ఆయన కుట్టిన మొదటి పరుపు. నూరేళ్ళు ఉంటుందని షాపుకొచ్చిన ప్రతి మనిషికీ చెప్పాను. "మా ఇంట్లోది చూడండి, నలభై ఆరేళ్ళు, ఈ రోజుకీ వెన్నముద్దలా ఉంటుంది" అని చెప్పే ఇన్ని పరుపులు అమ్మాం.

దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు.

9, ఆదివారం

ఏమీ లేదు. ఆకలి కూడా లేదు. బిస్కెట్లు మెత్తబడిపోయాయని కోడలు ఆశ్చర్యపోయింది.

10, సోమవారం

పిల్లల పరుపుల మీద అయస్కాంతం తిప్పితే ఏమీ తగల్లేదు. అయినా నా కొడుకు, "పెద్దవాళ్ళకైతే ఇది చాలు. పిల్లలకు చాలదు" అని కత్తెర తీసుకున్నాడు. పది పరుపులూ ఒక్కొక్కటీ విప్పారు. నేను కుట్టిన కుట్లు. ఒక్కో పరుపుకి పద్దెనిమిది టాకాలు, ఒక్కటీ వంకర లేదు. అన్నీ కోసేశారు. దూదంతా వేళ్ళతో పాయలు పాయలుగా తీసి వెతికారు. మొగుడూ పెళ్ళాలు తలల నిండా దూదితో, నాకంటే ముసలివాళ్ళలా కనిపించారు.

నేను స్టూలు మీద కూర్చుని చూశాను. ముట్టుకోకూడదు కదా.

సాయంత్రం పిల్లల బడి ఆయా వచ్చింది. "పరుపులు ఎప్పుడిస్తారు మామ్మా? దుప్పట్ల మీద పడుకోబెడితే ఒక్కడూ పడుకోడు. నన్ను పడుకోబెట్టి జోల పాడుతున్నారు" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. పదిమంది పిల్లలు వారం పైనుంచి మధ్యాహ్నం నిద్రలేకుండా ఉన్నారు. ఆ హార్మోన్లన్నీ వాళ్ళకీ ఉంటాయా అని వదినగారిని అడిగాను. ఉంటాయంది.

పదింటిలోనూ దబ్బనం లేదు.

11, మంగళవారం

పదిన్నర నుంచి నాలుగున్నర. ఒక మెలకువ. ఇది నేనే చెప్పాను, వదినగారు అడక్కముందే. ఆవిడ అట్టలో రాసి, నా వైపు చూసి, "అభ్యంతరం లేదు" అంది.

12, బుధవారం

పదిన్నర నుంచి అయిదు. మెలకువ లేదు. కుక్క రాత్రంతా మొరిగిందట. ఏ కుక్క?

దబ్బనం గుచ్చుకున్న పాత గాయం బొటనవేలి మీద మానింది. నెల నుంచి మానలేదది. ఆ మరమ్మతు హార్మోనే అన్నాను. మందు రాసినందుకంది వదినగారు. వివాదాస్పదం.

13, గురువారం

ఇది రాసుకోండి వదినగారూ. పొద్దున ఎండలో కూర్చున్నాను. తల కడిగిన పలకలా ఉంది. దబ్బనం సంగతి ఆలోచించనే లేదు. అప్పుడు దూది మిషన్ గదిలోకి వెళ్ళాను. అక్కడ గోనెసంచి వెనకాల దబ్బనం కనిపించింది. ఎవరో పడేశారు. ఎవరో తెలియదు. కేసు ముగిసింది.

వదినగారు రాస్తూ రాస్తూ ఆగింది. "దబ్బనం ఏదీ?"

చూపించాను.

"దీనికి నీలం దారం ఉందే. మిషన్ గదిలో నీలం దారం ఎవరు వాడతారు?"

"ఎవరో."

"మీ పరుపు అంచు కుట్టింది నీలం దారంతోనే కదండీ?"

నేను దబ్బనాన్ని కొంగులో చుట్టేశాను.

"వదినగారూ, నేను ముప్ఫై ఏళ్ళు సాక్ష్యాలు రాశాను. అబద్ధాలు కూడా రాశాను, చెప్పింది రాయడమే నా పని కాబట్టి. కానీ చివర్లో అది మనిషికి చదివి వినిపించేదాన్ని. ఇదీ చదవమంటారా?"

చదివింది. నా నోటితో నేను చెప్పిన మాటలే. ఎంత నీచంగా ఉన్నాయో! ఆ "ఎవరో"లో నా కొడుకున్నాడు, కోడలుంది. ఆ గదిలోకి వెళ్ళేది వాళ్ళిద్దరే.

కొట్టెయ్యమన్నాను. కోర్టు కాగితంలో కొట్టివేతలుండవంది. కింద నిజం రాద్దామంది.

14, శుక్రవారం

నిజం. ఆ గురువారం మధ్యాహ్నం నా కొడుకూ కోడలూ బండిలో పరుపులు వేసుకుని వెళ్ళారు. వదినగారు ఎండలో కూర్చుని పేపరు చదువుతోంది. నేను ఏడో దబ్బనం కొంగులో దాచుకుని పైకి వచ్చాను. ఎందుకంటే నా పరుపు ఉండలు కట్టింది. ఒక ఏడాది నుంచీ రాళ్ళ మీద పడుకున్నట్టే ఉంటోంది. వెన్నముద్ద అని ఊరందరికీ చెప్పిన నోటితో, ఒరేయ్ ఇది పాడైపోయిందిరా అని ఎలా చెప్పను? మా ఆయన కుట్టింది పాడైందని ఎలా అనను? అందుకే దొంగతనంగా అంచు విప్పి, ఉండలు చేత్తో విడదీసి, మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాను. అంతవరకే గుర్తు. అంతకుముందు రాత్రి రెండు గంటలు కూడా పడుకోలేదు. బండి చప్పుడుకి ఉలిక్కిపడి లేచాను. దారం తెంపి కిందికి పరిగెత్తాను. ఏడో దబ్బనం దూదిలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత పద్నాలుగు రోజులు ఈ సంగతి నాకు తట్టలేదు. ఎలా తట్టలేదంటే ఏం చెప్పను? పరుపు విప్పింది గుర్తుంది, అందుకే ఎండలో వెయ్యనివ్వలేదు. దబ్బనం మాత్రం గుర్తులేదు. నిన్న పొద్దున ఎండలో కూర్చుంటే, ఎవరో చేతికిచ్చినట్టు మొత్తం గుర్తుకొచ్చింది. వెళ్ళి ఎడం పక్క తడిమాను. తగిలింది.

తొడలో పొడిచింది నరం కాదు.

రాత్రి అందరూ తింటుండగా ఇదంతా చెప్పాను. నా కొడుకు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. పది పరుపులు విప్పిన చేతులవి. తిడతాడనుకున్నాను. తిడితే తిరిగి తిట్టడానికి సిద్ధంగా ఉన్నాను.

"అమ్మా, పద్నాలుగు రోజులు దబ్బనం మీద పడుకున్నావా?" అన్నాడు.

"పడుకుంటే కదా."

ముందు కోడలికి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోబోయి నీళ్ళు ముక్కులోకి పోయాయి. తర్వాత ఇల్లంతా నవ్వింది. నేను నవ్వలేదు. కొంచెం నవ్వాను.

15, శనివారం

నా పరుపు డాబా మీదికి వచ్చింది. వీధి వీధంతా చూసింది. ఉండలు ఒక్కొక్కటి పిడికిలంత ఉన్నాయి. నా కొడుకు గలేబు పూర్తిగా విప్పి, దూదంతా మిషన్‌లో వేసి ఏకించాడు. తెల్లగా, పొంగుతూ వచ్చింది.

"నాన్న వేసిన దూదే అమ్మా. దూదికేం కాలేదు. ఏడాదికోసారి విప్పి ఏకమని నాన్న నీకు చెప్పలేదా?" అన్నాడు.

చెప్పాడు. షాపుకొచ్చినవాళ్ళందరికీ నేనూ అదే చెబుతాను.

కుట్టడానికి నాకు దబ్బనం ఇవ్వలేదు. డాక్టరమ్మ మాట కావాలట. వాడే కుట్టాడు. నేను పక్కన కూర్చుని నోటితో కుట్టాను. పిల్లల పరుపులు కూడా ఆరు అయ్యాయి. వాడి టాకాలు కాస్త వదులు. చెప్పాను. పది సార్లు చెప్పాను.

16, ఆదివారం

పది నుంచి అయిదున్నర. కల కూడా వచ్చింది. చెప్పను.

17, సోమవారం

డాక్టరమ్మ అట్ట చూసి, "ఇక్కడ 'వివాదాస్పదం' అని ఉందేమిటి?" అంది. వదినగారు గొంతు సవరించుకుంది. నేనే చెప్పాను, మొదట్లో అబద్ధమాడానని. దబ్బనం సంగతి కూడా చెప్పాను. ఆ పిల్ల నవ్వుతూ బల్ల మీద తల పెట్టేసింది. తర్వాత తొడ చూసి, ఇంజెక్షన్ ఒకటి పొడిపించింది. ఇనుము గుచ్చుకుంటే వేయాలట.

చక్కెర నూట పన్నెండు. "ఒక్క పరీక్షతో పండగ చేసుకోకూడదు, మూడు నెలలు ఇలాగే చెయ్యండి, మళ్ళీ చూద్దాం. సాయంత్రం కార్టిసాల్ కూడా అప్పుడే" అంది. కుట్టవచ్చా అని నా కొడుకు అడిగాడు.

డాక్టరమ్మ నన్ను అడిగింది: "మీరేమంటారమ్మా?"

నలభై ఆరేళ్ళలో నన్ను ఈ మాట ఎవరూ అడగలేదు. కుడతాను అని నోటిదాకా వచ్చింది. దుప్పట్ల మీద మేలుకున్న పదిమంది పిల్లలు కూడా నోటిదాకా వచ్చారు.

"బాగా పడుకున్న రోజు కుడతాను. పడుకోని రోజు దబ్బనం ముట్టుకోను. పడుకున్నానో లేదో నేను చెప్పను, వదినగారు చెబుతుంది" అన్నాను.

"అంటే రోజూ నేను కాపలా కాయాలా?" అంది వదినగారు.

"ఎలాగూ కాస్తున్నారుగా!"

ఇంటికి రాగానే నా కొడుకు బీరువా తెరిచాడు. మిగిలిన నాలుగు చిన్న పరుపులూ నేనే కుట్టాను. ఒక్కో పరుపుకి పద్దెనిమిది టాకాలు. ఆయా వచ్చి పదీ పట్టుకెళ్ళింది.

పైన చెప్పిందంతా నేను చెప్పగా రాసినదే. చదివించుకుని విన్నాను. మొదట్లో నిద్ర గురించి చెప్పినవీ, పదమూడో తేదీదీ తప్ప అంతా నిజం. అవి కూడా ఉండనివ్వమన్నాను. మొదటి రోజు వయసు పక్కన గీసిన గీత ఏమిటో కూడా ఇవాళ చెప్పింది: "చెప్పిన ప్రకారం." సరే, డెబ్బై నాలుగు.

వేలిముద్ర వెయ్యమంది. వేలిముద్ర ఎవరైనా వేస్తారు. ఏడో దబ్బనానికి నీలం దారం ఎక్కించి, ఈ పుట మూల ఒక టాకా వేసి ముడి బిగించాను. ఇదే నా గుర్తు. లాగి చూడండి, రాదు.

సాక్షులు (ఒట్టు గట్టున పెట్టి చూపించాను):
కోర్టు వదినగారు, వియ్యపురాలు, రాసినది.
కోడలు, గలేబులు మడత పెట్టించినది.
కొడుకు, టాకాలు వదులుగా వేయువాడు. (ఈ మాట మీద అభ్యంతరం చెప్పి సంతకం చేశాడు.)

సాయంత్రం షట్టరు దించేముందు మెత్త మీద వేలు పెట్టి లెక్కపెట్టాం. ఏడు.